సంవత్సరం ముద్రించని షాంపేన్: దాని వయసును, తాజాదనాన్ని కొనే ముందే గుర్తించడం ఎలా

ఫ్రాన్స్‌లోని షాంపేన్ ప్రాంతం నుంచి వచ్చే పొంగు వైన్ సీసాలలో అత్యధిక భాగం మీద ద్రాక్ష కోత సంవత్సరం ఉండదు. ఒక ఏడాది ద్రాక్షతో చేసిన వైన్‌కు అంతకు ముందు ఏళ్ల నుంచి దాచి ఉంచిన నిల్వ వైన్లను కలిపి, ఏటా దాదాపు ఒకే రుచి వచ్చేలా తయారు చేసే ఈ రకాన్ని నాన్‌వింటేజ్ అంటారు. సంవత్సరం లేదు కనుక దీనికి వయసే లేదనుకోవడం చాలామంది చేసే పొరపాటు. వైన్ ఎంత పాతబడితే అంత మంచిదని మనవాళ్లలో బలంగా నాటుకుపోయిన నమ్మకాన్ని దీనికి కూడా వర్తింపజేయడం అంతకంటే పెద్ద పొరపాటు. నాన్‌వింటేజ్ షాంపేన్‌ను తయారీదారు తాగడానికి సిద్ధంగా ఉన్న స్థితిలోనే అమ్మకానికి పంపుతాడు. ఆ తర్వాత అది దుకాణపు అరలో గడిపే ప్రతి ఏడాదీ దాని లెక్కలోకి వస్తుంది. ఆ లెక్కను అర పక్కన నిలబడి, సీసా మూత తీయకుండా, వీలైనంత దగ్గరగా కట్టడం ఎలాగో ఇక్కడ వివరిస్తున్నాను.

ముందుగా అర్థం చేసుకోవలసినది: రెండు గడియారాలు

షాంపేన్‌లో ద్రాక్ష కోత సాధారణంగా ఆగస్టు చివర నుంచి సెప్టెంబరు లోపల జరుగుతుంది. రసం మొదటిసారి పులిసి వైన్‌గా మారాక, వేర్వేరు తోటల, వేర్వేరు సంవత్సరాల వైన్లను కలిపి, లీటరుకు సుమారు 24 గ్రాముల చక్కెరను, ఈస్ట్‌ను చేర్చి, సీసాలలో నింపి గట్టిగా మూసేస్తారు. ఈ పనిని తిరాజ్ అంటారు. కోత తర్వాత వచ్చే జనవరి 1 కంటే ముందు తిరాజ్ చేయకూడదని అక్కడి నిబంధన. సీసాలో రెండోసారి పులిసినప్పుడు పుట్టే వాయువు బయటికి పోయే దారి లేక వైన్‌లోనే కరిగిపోతుంది. లోపల ఒత్తిడి దాదాపు 6 వాతావరణాలకు, అంటే మామూలు గాలి ఒత్తిడికి ఆరు రెట్లకు చేరుతుంది. పని ముగిసిన ఈస్ట్ మడ్డిగా అడుగుకు చేరుతుంది.

ఈ మడ్డి వ్యర్థ పదార్థం కాదు. అది లోపలికి చొరబడే ఆక్సిజన్‌ను తాను పీల్చుకుని వైన్‌ను కాపాడుతుంది. క్రమంగా కరుగుతూ రొట్టె వాసననూ నిండుదనాన్నీ ఇస్తుంది. నాన్‌వింటేజ్ షాంపేన్ తిరాజ్ తర్వాత కనీసం 15 నెలలు నేలమాళిగలో ఉండాలి, అందులో 12 నెలలు మడ్డి మీదనే ఉండాలి. మంచి సంస్థలు రెండు మూడేళ్లు, కొన్ని అంతకంటే ఎక్కువ కాలం ఉంచుతాయి. అప్పుడు సీసాను తలకిందులు చేసి మడ్డిని మెడలోకి దింపి, మెడ భాగాన్ని గడ్డకట్టించి, మూత తీసి, లోపలి ఒత్తిడితో ఆ మడ్డి ముద్దను బయటికి నెట్టేస్తారు. తగ్గిన మేరకు వైన్‌ను, సాధారణంగా కొద్దిగా తీపిని కలిపి, అసలు బిరడా బిగిస్తారు. దీన్ని డిస్గోర్జ్‌మెంట్ అంటారు. నేను ఇక్కడ మడ్డి తీత అని రాస్తాను.

కొనేవారికి కావలసిన విషయం ఇక్కడే ఉంది. మడ్డి మీద ఉన్నంత కాలం వైన్ ఒక గడియారం ప్రకారం నిదానంగా ముదురుతుంది. మడ్డి తీసిన రోజు నుంచి రెండో గడియారం మొదలవుతుంది, అది మరింత వేగంగా తిరుగుతుంది. ఎందుకంటే కాపలా కాసిన మడ్డి ఇప్పుడు లేదు, బిరడా గుండా కొద్దికొద్దిగా గాలి లోపలికి వస్తుంది, కొద్దికొద్దిగా పొంగు బయటికి పోతుంది. ద్రాక్ష కోసి ఎన్నేళ్లయింది అన్న ప్రశ్న కంటే మడ్డి తీసి ఎన్ని నెలలయింది అన్న ప్రశ్న తాజాదనానికి ఎక్కువ దగ్గర. కింద చెప్పే అడుగులలో ఎక్కువ భాగం ఆ ఒక్క తేదీని పట్టుకోవడానికే.

మొదటి అడుగు: సీసాను వెనక్కి తిప్పి చదవండి

ముందు లేబుల్ అందానికి, వెనక లేబుల్ సమాచారానికి. చిన్న అక్షరాలలో, తరచు ఒక మూలన, మడ్డి తీసిన నెల, సంవత్సరం ఉంటాయి. ఫ్రెంచ్‌లో ఈ మాట డెగోర్జ్‌మాఁ లేదా డెగోర్జె. లాటిన్ లిపిలో డి, ఇ, జి, ఓ, ఆర్ అక్షరాలతో మొదలయ్యే మాట కనిపిస్తే దాని పక్కనున్న అంకెలే మీకు కావలసినవి. ఇటలీ సీసాల మీద ఎస్, బి అక్షరాలతో మొదలయ్యే స్బొక్కాతూరా అనే మాట, స్పెయిన్ సీసాల మీద డి, ఇ, జి, యు అక్షరాలతో మొదలయ్యే దెగుయ్యె అనే మాట ఇదే అర్థంలో వాడతారు. తేదీ ఐరోపా పద్ధతిలో ముందు రోజు, తర్వాత నెల, చివర సంవత్సరంగా ఉంటుంది; 03/22 అని మాత్రమే ఉంటే 2022 మార్చి అని చదవాలి.

ఈ తేదీని బహిరంగంగా రాయడం ఒకప్పుడు అరుదు. రాన్స్ నగరంలో 1981లో తన సంస్థను స్థాపించిన బ్రూనో పయార్ 1980ల తొలి భాగం నుంచే ప్రతి సీసా మీద మడ్డి తీసిన తేదీని ముద్రిస్తూ వచ్చారు. కొనేవారిని గౌరవించిన ఆ అలవాటుకు నేను కృతజ్ఞుణ్ణి. ఫిలిపొనా సంస్థ ప్రధాన కోత సంవత్సరాన్ని, మడ్డి తీసిన తేదీని, కలిపిన తీపి మోతాదును కలిపి రాస్తుంది. షార్ల్ హైడ్‌సీక్ బ్రూట్ రిజర్వ్ మీద నేలమాళిగలో పెట్టిన సంవత్సరం, మడ్డి తీసిన సంవత్సరం రెండూ ఉంటాయి. సొంత తోటల ద్రాక్షతో చేసే చిన్న రైతు ఉత్పత్తిదారులలో కూడా చాలామంది ఈ వివరాలు ఇస్తారు. ఒకే ధరకు రెండు సీసాలు ఉండి, ఒకదాని మీద తేదీ ఉండి, మరోదాని మీద లేకపోతే, ఇతర కారణాలేవీ లేనప్పుడు నేను తేదీ ఉన్నదాన్నే తీసుకుంటాను.

వెనక లేబుల్ మీద కనిపించే కొన్ని అంకెలు, అక్షరాలు దారి తప్పిస్తాయి. ఎన్.ఎం., ఆర్.ఎం., సి.ఎం. వంటి రెండు అక్షరాల తర్వాత వచ్చే సంఖ్య తయారీదారు రకాన్ని, నమోదును తెలిపేది మాత్రమే. అందులో వయసు లేదు. సంస్థ స్థాపించిన సంవత్సరాన్ని పెద్ద అక్షరాలలో ముద్రించడం షాంపేన్‌లో మామూలు, దాన్ని కోత సంవత్సరంగా పొరబడేవారు ఉన్నారు. గాజు అడుగున అచ్చులో ఉబ్బెత్తుగా ఉన్న అంకెలు సీసా చేసినవారివి, వాటి ఆధారంగా వైన్ వయసు కట్టవద్దు.

రెండో అడుగు: పేరులో దాగిన సంఖ్యను విప్పండి

కొన్ని సంస్థలు సంవత్సరం రాయకుండానే, ఏటి మిశ్రమాన్ని ఒక వరుస సంఖ్యతో గుర్తిస్తాయి. ఆ సంఖ్యకు ఏం కలిపితే ప్రధాన కోత సంవత్సరం వస్తుందో తెలిస్తే చాలు.

లూయీ రోడెరర్ సంస్థ బ్రూట్ ప్రీమియర్ అనే పాత పేరు స్థానంలో 2021లో కలెక్షన్ 242ను విడుదల చేసింది. 1776లో సంస్థ పుట్టినప్పటి నుంచి ఇది ఎన్నో కోతో ఆ సంఖ్య చెబుతుంది. దానికి 1775 కలపండి: 242కు 2017, 243కు 2018, 244కు 2019 వస్తాయి. అరలో ఇంకా బ్రూట్ ప్రీమియర్ అన్న పేరుతోనే సీసా కనిపిస్తే, అది ఈ మార్పుకు ముందు నాటి సరుకు అని వేరే ఆధారం లేకుండానే తెలిసిపోతుంది.

జాక్‌సోన్ సంస్థ 700 వరుసలో 728 అన్నది 2000 కోత మీద ఆధారపడింది. అక్కడి నుంచి ఏడాదికి ఒకటి చొప్పున లెక్కిస్తే 741 అంటే 2013, 746 అంటే 2018.

క్రుగ్ గ్రాండ్ క్యూవే మీద ముందువైపు ఎడిషన్ సంఖ్య ఉంటుంది. దానికి 1844 కలపండి: 168వ ఎడిషన్‌కు 2012, 171వ ఎడిషన్‌కు 2015 ప్రధాన కోతలు. అయితే ఈ వైన్‌ను దాదాపు ఏడేళ్లు నేలమాళిగలో ఉంచుతారు కనుక ప్రధాన కోత సంవత్సరాన్ని చూసి పాతది అనుకోకూడదు. తాజాదనానికి వెనక లేబుల్ మీది ఆరంకెల గుర్తింపు సంఖ్యను చూడాలి. అందులో మొదటి అంకె ఏడాదిలో ఎన్నో త్రైమాసికంలో సీసా నేలమాళిగ విడిచిందో, తర్వాతి రెండు అంకెలు ఏ సంవత్సరమో చెబుతాయి. 221తో మొదలైతే 2021 రెండో త్రైమాసికం, అంటే ఏప్రిల్ నుంచి జూన్ మధ్య. రెండు గడియారాలను ఒకే సీసా మీద ఇంత స్పష్టంగా చూపే ఉదాహరణ ఇంకొకటి నాకు వెంటనే గుర్తురాదు.

ప్రధాన కోత సంవత్సరం తెలిసినప్పుడు ఇంకొక లాభం ఉంది. 2017లో షాంపేన్‌లో కుళ్లు తెగులు, 2021లో మంచు దెబ్బతో పాటు బూజు తెగులు పంటను బాగా ఇబ్బంది పెట్టాయి. 2018, 2019, 2020 కోతలు ఉత్పత్తిదారులకు మరింత తృప్తినిచ్చాయి. నిల్వ వైన్లను కలపడం అన్నది ఇలాంటి ఎత్తుపల్లాలను సరిచేయడానికే కనుక దీనికి అతిగా ప్రాధాన్యం ఇవ్వనక్కర్లేదు గానీ, రెండు సీసాల మధ్య తేల్చుకోలేనప్పుడు ఇది పనికి వస్తుంది.

మూడో అడుగు: తేదీ లేనప్పుడు లాట్ కోడ్‌ను వెతకండి

వైన్‌కు గడువు తేదీ ముద్రించాలని ఐరోపా నిబంధనలు గానీ మన దేశపు లేబులింగ్ నిబంధనలు గానీ అడగవు. కానీ ఏ విడతలో ప్యాక్ అయిందో గుర్తించే లాట్ సంఖ్య ఐరోపాలో తప్పనిసరి. అది సీసా అడుగు దగ్గర గాజు మీద లేజరుతో చెక్కిన చుక్కల వరుసగానో, వెనక లేబుల్ అంచునో, మెడ చుట్టూ ఉన్న రేకు మీదనో ఉంటుంది. గాజు మీద చెక్కినది ఎదురుగా చూస్తే కనిపించదు. సీసాను కొద్దిగా వంచి, ఫోన్ టార్చిని పక్క నుంచి పడేలా పెడితే చుక్కలు మెరుస్తాయి. మన రాష్ట్రాలలో అతికించే ఎక్సైజ్ హోలోగ్రామ్, దిగుమతిదారు స్టిక్కర్ ఒక్కోసారి దాని మీదనే పడతాయి, అప్పుడు అదే విడతలోని ఇంకో సీసాను చూపించమని అడగడం మంచిది.

ఈ కోడ్ ఎల్ అక్షరంతో మొదలవుతుంది. ఆపై వచ్చే వరుసకు అందరికీ ఒకే పద్ధతి లేదు. తరచుగా కనిపించే పద్ధతిలో రెండు అంకెలు సంవత్సరాన్ని, మూడు అంకెలు ఆ సంవత్సరంలో ఎన్నో రోజో చెబుతాయి. ఉదాహరణకు ఎల్ 22 145 అని ఉంటే 2022లో 145వ రోజు, అంటే మే 25 కావచ్చు. మూడంకెల సంఖ్య 366 దాటినా, రెండంకెల సంవత్సరం అసంభవంగా ఉన్నా ఆ కోడ్‌కు ఈ చదువు పనికిరాదని అర్థం. బలవంతంగా అందులోంచి తేదీ పిండకూడదు.

చదువు కుదిరినా అది మడ్డి తీసిన రోజే కానక్కర్లేదు. కొన్ని సంస్థలకు అది లేబుల్ అతికించిన రోజు. ఇక్కడ ఒక చిన్న తర్కం మనకు తోడుంటుంది: మడ్డి తీయకుండా లేబుల్ వేయరు, కనుక కోడ్ చెప్పే తేదీ ఏదైనా, మడ్డి తీత ఆ రోజో అంతకు ముందో జరిగి ఉండాలి. అంటే సీసా వయసుకు మీకు కనీసపు హద్దు దొరికింది. 2022 మే నాటి కోడ్ ఉన్న సీసాను 2025 మేలో చూస్తే, అది మడ్డి రక్షణ లేకుండా కనీసం మూడేళ్లు గడిపింది.

కోడ్ అర్థం కానప్పుడు దాని ఫొటో తీసి తయారీ సంస్థకు ఈమెయిల్ పంపండి. చాలా సంస్థలు మర్యాదగా జవాబిస్తాయి, కొన్ని వెనక లేబుల్ మీద క్యూఆర్ కోడ్ ద్వారానే ఈ వివరాలు ఇస్తున్నాయి. కోడ్ ఉండవలసిన చోట గాజు గీకేసి ఉన్నా, లేబుల్ అంచు కత్తిరించి ఉన్నా ఆ సీసాను వదిలేయండి. అది ఏ దారిన వచ్చిందో ఎవరో దాచదలిచారు; అలాంటి సరుకు దారిలో ఎంత ఎండలో నిలిచిందో మీకు ఎప్పటికీ తెలియదు.

దిగుమతిదారు స్టిక్కర్ మీద ఒక నెల, సంవత్సరం కనిపిస్తే అది ఏ తేదీయో పక్కన రాసినది చదివి తేల్చుకోండి. అది దిగుమతి నెల అయితే, లాట్ కోడ్ లాగే అది కూడా కనీసపు హద్దు మాత్రమే ఇస్తుంది.

నాలుగో అడుగు: సీసా ఎలా బతికిందో తెలుసుకోండి

ఇంతవరకు చెప్పినది కాలపు లెక్క. నిజానికి హైదరాబాద్‌లోనో విజయవాడలోనో కొనేవారికి దీనికంటే ఈ అడుగే ముఖ్యమని నా అనుభవం. షాంపేన్ నేలమాళిగలలో ఏడాది పొడవునా 10 నుంచి 12 డిగ్రీలు ఉంటుంది. అక్కడ మూడేళ్లు హాయిగా ఉన్న వైన్‌ను మన మే నెలలో, రాత్రి కరెంటు కట్టేసి తాళం వేసే దుకాణంలో, పైకప్పు కింది అరలో పెడితే, ఆ ఒక్క వేసవిలో అది కొన్నేళ్ల ముదురుతనాన్ని మీద వేసుకుంటుంది. వేడికి రసాయన మార్పులు వేగం పుంజుకుంటాయి, లోపలి ఒత్తిడి పెరిగి బిరడా మీద బలం పడుతుంది, పొంగు త్వరగా తగ్గుతుంది. అందువల్ల మడ్డి తీసి ఏడాదే అయిన సీసా కూడా ముసలిదై ఉండవచ్చు.

ఇందులోంచి కొనుగోలు కాలానికి సంబంధించిన సలహా ఒకటి పుడుతుంది. మన నగరాలలో ఈ సరుకు ఎక్కువగా కదిలేది డిసెంబరులో, కొత్త సంవత్సరం ముందు. అప్పుడు కొన్నది ఆ సీజన్ కోసం వచ్చిన కొత్త విడత అయ్యే అవకాశం ఎక్కువ. జనవరి తర్వాత మిగిలిపోయిన సీసాలు మార్చి నుంచి జూన్ దాకా అక్కడే ఉంటాయి. జూన్, జూలైలలో తగ్గింపు ధరకు ఇస్తామంటే, ఆ తగ్గింపు దేనికో ఆలోచించి, దుకాణంలో రాత్రింబగళ్లు ఏసీ ఉంటుందా అని అడిగి తెలుసుకుని, అప్పుడు నిర్ణయించుకోండి. ఒక వేసవిలో నేను ఇలాంటి తగ్గింపుకు ఆశపడి మూడు అరసీసాలు కొన్నాను. లేబుళ్లు మెరిసిపోతున్నాయి, కోడ్ ప్రకారం వయసు రెండేళ్ల లోపే. ఇంటికొచ్చి గ్లాసులో పోస్తే బుడగలు అంచున ఒక వరుస కట్టి ఆగిపోయాయి. కోసి వదిలేసి రంగు మారిన ఆపిల్ ముక్క వాసన వచ్చింది. మూడింటిదీ అదే స్థితి. దుకాణదారుడు అబద్ధం చెప్పలేదు, నేను అడగవలసినది అడగలేదు.

అరసీసాల విషయం ప్రత్యేకంగా గుర్తుంచుకోవాలి. 375 మిల్లీలీటర్ల సీసాలో ఉన్న వైన్‌తో పోలిస్తే బిరడా గుండా వచ్చే గాలి పాలు ఎక్కువ, కనుక అది మామూలు సీసా కంటే త్వరగా ముదురుతుంది. 187 మిల్లీలీటర్ల బుల్లి సీసా ఇంకా త్వరగా. దీనికి భిన్నంగా లీటరున్నర మాగ్నమ్ నిదానంగా నడుస్తుంది.

తర్వాతది వెలుతురు. సూర్యకాంతిలో, ట్యూబు లైట్ల కాంతిలో ఉండే అతినీల కిరణాలు, నీలి కాంతి వైన్‌లోని రైబోఫ్లేవిన్ అనే విటమిన్‌ను రెచ్చగొట్టి గంధక సమ్మేళనాలను పుట్టిస్తాయి. ఉడికిన క్యాబేజీ, తడిసిన ఉన్ని వంటి వాసనలు వస్తాయి. దీన్ని ఫ్రాన్స్‌లో వెలుతురు రుచి అంటారు. ముదురు గోధుమ, ముదురు ఆకుపచ్చ గాజు కొంతవరకు అడ్డుకుంటాయి, తెల్లగాజు దాదాపు ఏమీ అడ్డుకోదు. తెల్లగాజులో వచ్చే రోడెరర్ వారి క్రిస్టాల్ షాంపేన్ సీసాకు పసుపు పొర చుట్టి అమ్మేది ఇందుకే. కాబట్టి తెల్లగాజులో ఉన్న బ్లాఁ ద బ్లాఁ (తెల్ల ద్రాక్షతోనే చేసేది), రోజే (గులాబీ రంగుది) రకాలు అద్దాల ఫ్రిజ్‌లో లైటు కింద మిలమిల మెరుస్తూ నిలబడి ఉంటే, అందానికి ముచ్చటపడి దాన్నే తీసుకోకండి. అదే విడతలో అట్టపెట్టె లోపల ఉన్నది ఇమ్మనండి. పెట్టెలో ఉన్నది వెలుతురు చూడలేదు. ఆ పెట్టెను విప్పి వెనక లేబుల్ చూశాకే డబ్బు ఇవ్వాలన్నది మాత్రం మరవకండి.

ఇక సీసాను చేతిలోకి తీసుకుని చూడవలసినవి కొన్ని ఉన్నాయి. మెడ రేకు కింది అంచు జిగటగా ఉంటే బిరడా చుట్టూ వైన్ కారింది. వైన్ మట్టం పక్క సీసాల కంటే స్పష్టంగా కిందికి ఉంటే వద్దు. తెల్లగాజు సీసాను తెల్ల కాగితం ముందు పెట్టి చూడండి: లేత బంగారు రంగు ఉండవలసిన చోట ముదురు పసుపు, గులాబీ రంగు ఉండవలసిన చోట ఎర్ర ఉల్లిపొర వంటి నారింజ ఛాయ కనిపిస్తే ముదిరిందనడానికి సూచన. అయితే కొన్ని రోజేలు పుట్టుకతోనే ఆ ఛాయలో ఉంటాయి కనుక, ఒకే పేరున్న రెండు సీసాలను పక్కపక్కన పెట్టి పోల్చడమే సరైన పద్ధతి. కొబ్బరికాయను చెవి దగ్గర ఊపినట్టు ఈ సీసాను ఊపకూడదు; దానివల్ల తెలిసేది ఏమీ లేదు, ప్రమాదం ఉంది.

దుకాణం సంగతి కూడా సీసా సంగతే. ఈ పేరుతో నెలకు ఎన్ని సీసాలు పోతాయి, ఈ విడత ఎప్పుడు వచ్చింది అని నేరుగా అడగండి. మన ఊళ్లలో వైన్ షాపు అన్న బోర్డు కింద అమ్ముడయ్యేది ఎక్కువగా విస్కీ, బ్రాందీ, బీరు. అక్కడ షాంపేన్ అన్నది ఏళ్ల తరబడి అలంకారంగా నిలబడే అవకాశం ఉంది. సరుకు త్వరగా తిరిగే చోట కొనడం మేలు. విదేశాల నుంచి వచ్చేవారికి విమానాశ్రయాల డ్యూటీ ఫ్రీ దుకాణాలు ఇందుకు అనువైనవి: అక్కడ చల్లదనం ఉంటుంది, సరుకు తిరుగుతుంది. భారతదేశానికి వచ్చేటప్పుడు ఒక్కొక్కరికి 2 లీటర్ల మద్యం దాకా సుంకం లేకుండా అనుమతి ఉంది కనుక 750 మిల్లీలీటర్ల సీసాలు రెండు తేవచ్చు. అమెరికాలో ఉన్న తెలుగువారు పెద్ద గిడ్డంగి తరహా దుకాణాలలో సొంత బ్రాండు పేరుతో అమ్మే నాన్‌వింటేజ్ షాంపేన్‌ను చిన్నచూపు చూడనక్కర్లేదు. సరుకు ఎంత వేగంగా తిరిగితే అరలో ముదిరే అవకాశం అంత తక్కువ.

ఐదో అడుగు: దొరికిన తేదీని తీర్పుగా మార్చుకోండి

మడ్డి తీసిన మరునాడే తాగితే మంచిదని కాదు. ఆ పనిలో వైన్ కుదుపుకు లోనవుతుంది, కలిపిన తీపి ఇంకా విడిగా తెలుస్తుంది. మూడు నుంచి ఆరు నెలలు కుదురుకోవడానికి ఇవ్వాలి. మన చేతికి వచ్చేసరికి ఆ గడువు సాధారణంగా దాటే ఉంటుంది. నా తీర్పు ఇది: మామూలు సీసాలోని బ్రూట్, అంటే తీపి తక్కువైన, నాన్‌వింటేజ్‌ను మడ్డి తీసిన ఆరు నెలల నుంచి రెండున్నర, మూడేళ్ల లోపు తాగేలా కొనాలి. నిల్వ సందేహంగా ఉన్న దుకాణంలో ఈ గడువును సగానికి తగ్గించుకోవాలి. రోజేకు రెండేళ్లు, అరసీసాకు ఒక ఏడాది దాటనివ్వను. తీపి ఏమాత్రం కలపని బ్రూట్ నేచర్ రకాలు, అంటే లీటరుకు 3 గ్రాముల లోపు చక్కెర ఉన్నవి, మడ్డి తీశాక నిలవడంలో కొంచెం సున్నితమైనవని నేను భావిస్తాను. నిల్వ వైన్ల పాలు ఎక్కువగా ఉండి, మడ్డి మీద ఎక్కువ కాలం గడిపిన ఖరీదైన మిశ్రమాలు ఐదేళ్లు, ఇంకా ఎక్కువ కాలం కూడా అందంగా ముదురుతాయి.

ముదిరినదానికీ పాడైనదానికీ తేడా ఉంది, అది గుర్తించాలి. బాగా ముదిరిన షాంపేన్‌లో నిమ్మ, పచ్చి ఆపిల్ తగ్గి తేనె, వేయించిన బాదం, కాల్చిన రొట్టె, పుట్టగొడుగు వాసనలు వస్తాయి. బుడగలు మెత్తబడినా బతికే ఉంటాయి, పులుపు నిలబడే ఉంటుంది. ఆ రుచిని కోరి వెతికేవారు ఉన్నారు, వారి అభిరుచిని నేను గౌరవిస్తాను. పాడైనదానిలో పులుపు కూలిపోయి, చివర చేదు, నోట్లో చప్పదనం మిగులుతాయి.

కాలం రెండు వైపులా లెక్కించడం ఒకసారి చేసి చూడండి. వెనక లేబుల్ మీద మడ్డి తీసినది 2023 మార్చి అని ఉంది, ఆ సంస్థ మడ్డి మీద మూడేళ్లు ఉంచుతుందని దాని వెబ్‌సైటులో రాసింది. తిరాజ్ 2020 తొలి నెలల్లో జరిగింది, కనుక ప్రధాన కోత 2019 సెప్టెంబరు. ఈ సీసాను 2025 జనవరిలో చూస్తే, మడ్డి తీసి ఒక ఏడాది పది నెలలు. చల్లని చోట ఉండి ఉంటే నిస్సంకోచంగా కొనవచ్చు.

ఇతర రకాలకు ఇదే లెక్క ఎలా మారుతుంది

ప్రొసెక్కో అన్నది సీసాలో కాకుండా పెద్ద ట్యాంకులో పొంగు పట్టించే ఇటలీ వైన్, దాని ఆకర్షణ అంతా తాజా పండు వాసనలోనే ఉంది. దానికి మడ్డి తీత తేదీ ఉండదు. సీసాలో నింపిన తేదీని లాట్ కోడ్‌లో వెతకాలి, ఏడాది, ఏడాదిన్నర లోపు తాగాలి. మిల్లెసిమాతో అని రాసి సంవత్సరం ఉంటే పని సులువు, అరలో ఉన్నవాటిలో కొత్త సంవత్సరాన్ని తీసుకోవడమే. స్పెయిన్ పొంగు వైన్ అయిన కావాకు కనీసం 9 నెలలు, అందులోని రిజర్వా రకానికి 18 నెలలు మడ్డి మీద ఉండాలని నియమం. మామూలు కావాను నేను రెండేళ్లకు మించి ఆగనివ్వను. ఇటలీలో సీసా పద్ధతిలో చేసే ఫ్రాంచాకోర్తాకు కనీస గడువు 18 నెలలు, దానికి షాంపేన్ లెక్కే వర్తిస్తుంది.

మనకు దగ్గరలో నాసిక్ ఉంది. అక్కడ సులా, షాండన్ వంటి సంస్థలు సీసాలోనే రెండోసారి పులియబెట్టే పద్ధతిలో స్పార్క్లింగ్ వైన్ చేస్తున్నాయి. అక్కడ కోత జనవరి నుంచి మార్చి మధ్య జరుగుతుంది కనుక లెక్క కట్టేటప్పుడు సెప్టెంబరు అనుకోకూడదు. ఈ సీసాల మీద సాధారణంగా బ్యాచ్ సంఖ్య, తయారీ నెల ముద్రించి ఉంటాయి. దూరం తక్కువ, ధర తక్కువ, సరుకు త్వరగా కదులుతుంది. వేసవిలో మన ఊళ్లో తప్పక కొనవలసి వస్తే, ఇక్కడికి వచ్చాక చల్లదనం ఎరుగని పాత షాంపేన్ కంటే మూడు నాలుగు నెలల క్రితం నాసిక్ నుంచి వచ్చిన సీసాను నేను ముందు పెడతాను.

ఆరో అడుగు: ఎక్కువ కొనేముందు ఒకటి విప్పండి

పెళ్లికో గృహప్రవేశానికో ఒక పెట్టె కొనదలిస్తే, ముందు అదే విడతలోని ఒక్క సీసా కొని ఇంట్లో విప్పండి. బాగా చల్లబరిచి, సీసాను వాలుగా పట్టుకుని, బిరడాను గట్టిగా పట్టి సీసాను తిప్పుతూ నెమ్మదిగా తీయండి. బిరడా మీ చేతిలోకి వచ్చాక దాన్ని పారేయకండి.

షాంపేన్ బిరడా పైభాగం పొడి చేసిన కార్క్‌ను కూర్చి చేసినది, వైన్‌ను తాకే కింది భాగంలో అసలు కార్క్ బిళ్లలు అతికించి ఉంటాయి. బిగించక ముందు సుమారు 31 మిల్లీమీటర్ల వెడల్పున్న ఈ బిరడాను నొక్కి సన్నని మెడలోకి దించుతారు. కొత్తగా బిగించినదైతే, బయటికి తీయగానే కింది భాగం తన పాత వెడల్పు కోసం విచ్చుకుంటుంది. ఫ్రెంచ్‌వాళ్లు దీన్ని జుపోనె అంటారు, అంటే లంగా కట్టినది అని; మన భాషలో పరికిణీ విచ్చుకున్నట్టు అనుకోవచ్చు. ఏళ్ల తరబడి నొక్కుకుని ఉన్న బిరడాలో ఆ సాగుడు చచ్చిపోతుంది, అది తిన్నగా సన్నగా చీల లాగా వస్తుంది. దాన్ని షెవియె అంటారు, చీల అనే మాట నుంచే.

రెండేళ్ల క్రితం ఒక బంధువు ఇంట్లో, ఒకే పేరున్న రెండు సీసాలు రెండు వేర్వేరు దుకాణాల నుంచి వచ్చినవి నా ముందుకొచ్చాయి. ఒకదాని వెనక లేబుల్ మీద తేదీ ప్రకారం మడ్డి తీసి పద్నాలుగు నెలలు, రెండోదాని లేబుల్ తడికి చెరిగిపోయింది. మొదటి బిరడా మెల్లని నిట్టూర్పుతో వచ్చి, పళ్లెంలో పెట్టిన కొద్ది నిమిషాలకే కింద గుండ్రంగా విచ్చుకుంది. రెండోది వేలి బలానికే జారి వచ్చింది, చప్పుడు దాదాపు లేదు. అరగంట తర్వాత కూడా అది పళ్లెంలో అలాగే నిటారుగా, పక్కలు నున్నగా, అంచున గోధుమ రంగు తడితో ఉంది. గ్లాసులలో తేడాను ఎవరూ ఎవరికీ చెప్పనక్కర్లేకపోయింది.

విప్పిన సీసా బాగుంటే, వెనక లేబుల్‌ను, లాట్ కోడ్‌ను ఫొటో తీసుకుని అదే రోజు దుకాణానికి వెళ్లి, ఆ కోడ్ ఉన్న సీసాలనే ఏరి తీసుకోండి; పేరు ఒకటే కదా అని లోపలి గోదాము నుంచి వేరే విడత పెట్టె తెచ్చి ఇస్తే కోడ్‌ను మళ్లీ చూడండి. ఇంటికి తెచ్చాక వాటిని ఫ్రిజ్ నెత్తిన పెట్టకండి, అక్కడ యంత్రపు వేడి తగులుతుంది. కొన్ని వారాలకైతే ఫ్రిజ్ లోపల ఉంచడం చాలు. నెలలు ఆగవలసి వస్తే 10 నుంచి 15 డిగ్రీల మధ్య, చీకటిలో ఉంచగలిగితేనే ఆగండి. అలాంటి చోటు ఇంట్లో లేనప్పుడు వేడుకకు వారం ముందు కొనడమే సరైనది.